తునికిపండ్ల జనరల్

ఖమ్మంలో మా కాలేజీలో చదువుకున్న వాళ్ళని ఎవర్ని కదిపినా ఈ కథ చెబుతారు. భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్ళో మా వేసవి సేవా శిబిరం జరుగుతోంది. ఊళ్ళో ఇళ్ళు అంటుకున్నాయి. సాయానికి రమ్మని డోలు కొట్టారు. వాగు దగ్గర విద్యార్థులతో ఉన్న మా హిస్టరీ సారు ఆ డోలు విన్నాడు. విని, చెట్టు నీడన కూర్చుని, దొప్పలో పెట్టుకున్న తునికిపండ్లు ఒక్కొక్కటే తింటూ ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆయన తునికిపండ్ల జనరల్ అయ్యాడు.

ఈ కథని నాకంటే బాగా చెప్పేవాడు జిల్లాలో లేడు. ఎలా ఉంటాడు, కట్టింది నేనే కదా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దొప్ప పట్టుకున్నట్టు చెయ్యి పెట్టాలో, గింజ ఉమ్మినట్టు ఎప్పుడు తల తిప్పాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది. కాలేజీ ప్రత్యేక సంచికకి మరపురాని జ్ఞాపకం ఒకటి రాసిమ్మని అడిగారు. ఇన్నాళ్ళూ ఉచితంగా పంచిన ఆ కథని వెనక్కి తీసుకోవడానికి ఈ పేజీలు వాడుకుంటున్నాను. పేర్లేమీ రాయను. ఆయన పేరుకి నేను చేసిన సేవ ఇప్పటికే ఎక్కువైంది.

మొదట ఆయన ఒట్టి జనరల్ సారు. పండ్లు తరువాత చేరాయి.

ఫ్రెంచి చక్రవర్తి కాలం సిలబస్‌లో ఒక అధ్యాయం. మిగతా హిస్టరీ వాళ్ళు చక్రవర్తి పుట్టాడు, గెలిచాడు, ఓడాడు, ద్వీపంలో చచ్చాడు అని రెండు పీరియడ్లలో పని ముగించేవారు. ఈయన మాత్రం చక్రవర్తిని గుమ్మం దగ్గర నిలబెట్టి, ఆయన కింద పనిచేసిన ఒక జనరల్‌ని లోపలికి పిలిచి కుర్చీ వేసేవారు. ఆ జనరల్ పరీక్షలో రాడు. గైడులో ఉండడు. అయినా వారం పది రోజులు క్లాసంతా ఆయనదే. క్లాసులో మిగిలిపోయిన జనరల్‌ని స్టాఫ్ రూంకి తెచ్చి మాకు వడ్డించేవారు.

పెద్దింటి బిడ్డ ఆ జనరల్. రాజుగారి అంగరక్షక దళంలో పనిచేసి, విప్లవం రాగానే విప్లవం పక్కకి వచ్చాడు. విప్లవం వాళ్ళు నువ్వు పెద్దింటివాడివి, నమ్మం అని ఉద్యోగం పీకేశారు. అలిగి ఇంట్లో కూర్చోకుండా మామూలు సిపాయిగా చేరాడు. ఇంక్రిమెంటు నెల ఆలస్యమైతే బీపీ వచ్చిందని సెలవు పెట్టే మేము ఈ మాట దగ్గర కొంచెం సిగ్గుపడాలని ఆయన ఆశ. మేము టీ తాగేవాళ్ళం. పదవి తిరిగిచ్చి జనరల్‌ని ఐర్లండు మీదికి ఓడల్లో పంపారు. పెద్ద సేనాపతి ఎక్కిన ఓడ తుఫానులో ఎటో పోయింది. ఈయన తీరం కనబడేంత దగ్గరికి వెళ్ళి, దిగకుండానే తిరిగొచ్చాడు. ఇటలీలో ఒళ్ళంతా గాయాలతో శత్రువుకి చిక్కాడు. విడుదలయ్యాక మళ్ళీ గుర్రమెక్కాడు. మంచులో కొట్లాడాడు, స్పెయిన్ రాజధానికి గవర్నరు అయ్యాడు. రష్యా నుంచి సైన్యం చలికి రాలిపోతూ వెనక్కి వస్తుంటే, గుర్రాలు మిగిలిన ఆఫీసర్లనందరినీ ఒక దళం చేసి చక్రవర్తికి కాపలా పెట్టారు. ఆ దళానికి నాయకుడు ఈయనే. ఇంత చేశాక, చిట్టచివరికి మార్షల్ బిరుదు వచ్చింది. బిరుదు వెనకే వాటర్లూ వచ్చింది.

వాటర్లూ చెప్పడానికి ఆయనకి యూరప్ మ్యాపు అక్కర్లేదు. మా టిఫిన్ బాక్సులు చాలు, ఒక్కో బాక్సుకి ఖమ్మం చుట్టుపక్కల పేరొకటి పెట్టేవారు. ఇంగ్లీషు సైన్యం ఖానాపురం హవేలిలో ఉంది. ప్రష్యా సైన్యం రెండు రోజుల కింద దెబ్బతిని మధిర వైపు జారుకుంది. వాళ్ళ వెంటపడు, వదలకు అని చక్రవర్తి మన జనరల్‌ని పంపాడు. జనరల్ బోనకల్ దాకా పోయాడు. అప్పుడు ఖానాపురం హవేలి వైపు నుంచి ఫిరంగుల మోత వినబడింది. మోత వచ్చే దిక్కుకి పోదాం పదమని కింది ఆఫీసర్లు ముఖం మీదే అడిగారు. నాకు అప్పజెప్పిన పని ఇది అని జనరల్ కదల్లేదు. ప్రష్యావాళ్ళు పక్కదారిన ఖానాపురం చేరారు, చక్రవర్తి ఓడిపోయాడు. వెనక్కి రమ్మన్న చీటీ జనరల్ చేతికి అందేసరికి పొద్దు వాలింది. తన దళాన్ని మాత్రం చుట్టూ శత్రువులున్నా చెదరనీయకుండా పారిస్‌కి తెచ్చాడు. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ద్వీపంలో తీరిగ్గా కూర్చున్న చక్రవర్తి తప్పంతా ఈయన మీద వేశాడు. జనరల్ అమెరికా పారిపోయి, కొన్నేళ్ళకి తిరిగొచ్చి, ముసలితనం దాకా నా తప్పు లేదని పుస్తకాలు రాసుకున్నాడు.

ఇక్కడిదాకా నెమ్మదిగా చెప్పే మనిషికి ఒక్కచోట కోపం వచ్చేది. ఫిరంగులు మోగినప్పుడు జనరల్ స్ట్రాబెర్రీలు తింటున్నాడని ఒక కథ ఉందట. అది నిజమో కాదో ఎవరూ తేల్చలేదట.

"చూడుండ్రయ్యా," అనేవారు బాక్సు మూత టపీమని పెట్టి. "ఒకని మీద నింద నిలవాల్నంటే ఒక పండు గావాలె. ఆర్డరు సక్కగ లేదు, చీటీ లేటైంది అంటే ఎవనికి గుర్తుంటది? పండు గుర్తుంటది."

ఆయన పాఠాల్లో ఇది ఒక్కటే నాకు పనికొచ్చింది.

ఇక శిబిరం సంగతి. నేను కామర్స్ లెక్చరర్‌ని, శిబిరానికి అధికారిని. వయసులో, సర్వీసులో ఆయన నాకంటే చాలా పెద్ద. అయినా శిబిరం కాయితాల మీద సంతకం నాది కాబట్టి ఆయన నా కింద పనిచేయాలి. ఈ ఏర్పాటులో ఉన్న రుచి నాకు బాగా నచ్చింది.

అవి బీడీల తునికాకు కోసే రోజులు. పొద్దు పొడవకముందే ఊరంతా ఆకు కోతకి అడవిలోకి వెళ్ళేది. ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళూ పసివాళ్ళూ మిగిలేవారు. మేము దిగిన మొదటి రోజే డోలు ఉండే ఇంటావిడ మాకు ఊరి కట్టుబాటు చెప్పింది. ఆమె భర్త ఊరికి డోలు కొట్టేవాడు, పోయాక డోలు ఆ ఇంటి వసారాలోనే ఉండిపోయింది. ఆపద డోలు మోగితే నోటి దగ్గరి ముద్ద వదిలైనా రావాలి. విని కూడా రానివాడు తరువాత కోడిని పట్టుకుని ఊరి ముందు నిలబడి, విన్నాను, రాలేదు అని తన నోటితో ఒప్పుకుని డోలు మీద ఒక దెబ్బ వేయాలి. అప్పటిదాకా అతని ఇంటికి ఏం వచ్చినా డోలు మోగదు. మేము చప్పట్లు కొట్టాం. విద్యార్థులు రికార్డులో జానపద విశేషాలు అన్న శీర్షిక కింద రాసుకున్నారు. నేను టిక్కు పెట్టాను.

ముగింపు రోజుకి జిల్లా స్థాయి పెద్ద అధికారి ముఖ్య అతిథి. ఊరికి కాస్త దూరంలో వాగుకి అడ్డంగా మా పిల్లలు రాతికట్ట కడుతున్నారు. జీపు అక్కడిదాకా పోతుంది, వెలుతురు బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అందుకని అధికారి ముందు అక్కడికే వచ్చేలా ఏర్పాటు చేశాను. జనరల్ సారుని పిల్లలతో వాగు దగ్గర ఉంచి, అందరూ వింటుండగా చెప్పాను: నేను వచ్చేదాకా ఒక్కరు కూడా కదలొద్దు, ఆయన జీపు దిగేసరికి అందరి చేతుల్లో రాళ్ళుండాలి. సారు సరేనన్నారు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఆయన జనరల్ లాగే.

నేను మెయిన్ రోడ్డు దగ్గర, మూడు దారులు కలిసేచోట ఆగాను. అతిథికి ఎదురువెళ్ళాలి కదా. అంతకన్నా ముఖ్యం, భద్రాచలం బస్సులో ఫ్లెక్సీ వచ్చింది. అప్పుడప్పుడే ఫ్లెక్సీలు మొదలైన రోజులు. అధికారి ఫొటో నిలువెత్తు, ప్రిన్సిపాల్‌గారిది అందులో సగం, నాది కింద మూలన తపాలా బిళ్ళంత. దాన్ని టీ కొట్టు బల్ల మీద పరిచి, నా మూల వైపు ముడతలు సరిచేస్తూ కూర్చున్నాను. పక్కన ఒకామె తునికిపండ్లు అమ్ముతోంది. దొప్పెడు తీసుకున్నాను. పసుప్పచ్చగా పండి, చేతికి జిగురు అంటుకునే పండ్లు. తీపి.

ఆ తింటున్నప్పుడు డోలు వినబడింది.

ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి ఇంకోసారి రాస్తాను. డోలు నాకు వినబడింది.

కాసేపటికి మా వంటాయన మోపెడ్ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. బోనకల్ మనిషి, కాలేజీలో ఏ భోజనాలైనా ఆయనే వండాలి. వాగు దగ్గరికి మజ్జిగ తీసుకుపోయి, అక్కడి నుంచి వచ్చాడు.

"సార్, ఊళ్ళ డోలు మోగుతాంది. పోదామా అని జనరల్ సారు మిమ్మల్ని అడిగి రమ్మన్నడు. పిల్లలు ఆగుతలేరు."

"పెళ్ళి డోలయి ఉంటది. ఈ నెలంత పెళ్ళిళ్ళే."

"పెళ్ళి డోలు గిట్ల ఊపిరాడకుండ కొడ్తరా సార్? ఆడ మనతోనున్న ఊరి ముసలాయన అప్పుడే ఉరికిండు."

"ఆయన ఊరు, ఆయన ఉరుకుతడు. మనోళ్ళు కదలొద్దు. పెద్దసారొస్తే ఉత్త వాగు చూపియ్యాల్నా? నేను చెప్పిన్నని చెప్పు."

వంటాయన నా చేతిలో దొప్ప వైపు చూశాడు.

"పండ్లు బాగున్నయా సార్?"

రెండు ఇచ్చాను. నోట్లో వేసుకుని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

తరువాత జరిగింది పిల్లలు చెప్పగా తెలిసింది. నా జవాబు విని సారు కట్ట మీద అటూ ఇటూ నడిచారట. పోదాం సార్ అని పిల్లలు మళ్ళీ అడిగితే, ఆగండి అన్నారట. చెట్ల మీద పొగ లేచాక మాత్రం ఇక ఆగలేదు. రాళ్ళు పడేయండి అని అరిచి, అందరికంటే ముందు పరుగెత్తారు. ఊరు చేరేసరికి మూడిళ్ళు కూలిపోయి ఉన్నాయి. నాలుగో ఇల్లు అంటుకోకుండా దాని కప్పు గడ్డి లాగేస్తూ ఆయన రెండు చేతులూ కాల్చుకున్నారు. ప్రాణాలు పోలేదు. డోలు ఇంటావిడ గుడిసె పోయింది. డోలు ముందే బయటికి తెచ్చి కొడుతూ ఉంది కాబట్టి అది మిగిలింది. లోపల ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు, విత్తనాల గింజలు మిగల్లేదు. వాగు దగ్గరి నుంచి వెంటనే వచ్చి ఉంటే అవి బయటికి వచ్చేవి.

అధికారి వచ్చారు. వాగు దగ్గర ఎవరూ లేరు, రాళ్ళు మాత్రం పద్ధతిగా ఉన్నాయి. తరువాత ఊళ్ళోకి వచ్చి బూడిద చూశారు. నేను నిలబడి వివరించాను. నిలువెత్తు ఫ్లెక్సీ వృథా కాలేదు. డోలు ఇంటావిడ కొత్తగా వేసుకున్న పందిరి మీద కప్పారు. ఆ వానాకాలమంతా నా ముఖం ఆమె ఇంటి మీద తడిసింది. మేము ఆ ఊరికి చేసిన సేవల్లో పనికొచ్చింది అదొక్కటే అనుకుంటాను.

పక్కనే కాలేజీ శిబిరం ఉండగా ఊరు కాలిపోయిందని పేపర్లో వచ్చింది. ప్రిన్సిపాల్‌గారు మా ఇద్దర్నీ పిలిచారు. గదిలో మరో నలుగురైదుగురు సీనియర్లు ఉన్నారు. వాగు దగ్గర అంతమంది పిల్లలుండగా ఎందుకు పోలేదని అడిగారు. ముందు నేనే మాట్లాడాను. శిబిరాధికారిని కదా, ఆ మర్యాద ఉంది.

డోలు మోగితే వెంటనే పొమ్మని ముందే చెప్పానన్నాను. ఆయన నన్ను ఏమీ అడగలేదన్నాను. మరి అక్కడ కూర్చుని ఏం చేస్తున్నట్టు అని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి. ఆర్డరు గురించి చెబితే ఆ ఆర్డరు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు టిఫిన్ బాక్సు మూత టపీమన్న చప్పుడు నా చెవిలో వినబడింది.

"చెట్టు కింద కూసొని తునికిపండ్లు తింటున్నడట సార్," అన్నాను.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా అబద్ధానికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

సారు నా వైపు చూశారు. కోపం లేదు. సంవత్సరమంతా నిద్రపోయిన విద్యార్థి పరీక్షలో ఒక్క ప్రశ్నకి సరైన జవాబు రాస్తే ఎలా చూస్తారో అలా చూశారు. పండు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలో ఆయనొక్కరికే తెలుసు. విన్న మాట నిజం, వెంటనే పోని మాట నిజం, అని రెండే ముక్కలు చెప్పారు. ఆయన రెండు చేతులకీ కట్లున్నాయి. చెట్టు కింద పండ్లు తింటూ కూర్చున్నవాడికి మరి ఆ కట్లెందుకని ఒక్కరూ అడగలేదు. వాగు దగ్గరున్న పిల్లల్ని పిలిచి అడగాలనీ ఎవరికీ తోచలేదు, సెలవులయ్యి వాళ్ళు వచ్చేసరికి కథ కాలేజీ అంతా తిరిగేసింది. ఆయన చెప్పింది నిజమే. పండు గుర్తుంటుంది.

మెమో ఆయనకి ఇచ్చారు. మరుసటి సంవత్సరం ప్రిన్సిపాల్‌గారు వెళ్ళిపోతే సీనియారిటీ ప్రకారం ఇన్‌చార్జి కుర్చీ ఆయనది. మెమో ఉన్న మనిషికి ఎందుకని పైవాళ్ళు ఆలోచించి, బాధ్యత తెలిసిన మనిషికి ఇచ్చారు. ఆ మనిషి ఎవరో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మీ టీసీల మీద సంతకం నాదే.

ఇక ఎండాకాలం వస్తే చాలు, ఆయన టేబుల్ మీద ఎవరో ఒకరు తునికిపండ్లు పెట్టి పోయేవారు. మొదటి రెండేళ్ళూ పెట్టినవాళ్ళకి కథ తెలుసు. ఆ తరువాత పెట్టినవాళ్ళకి పేరు మాత్రమే తెలుసు, అది ఆనవాయితీ అయింది. ఆయన వాటిని తీసి అటెండర్‌కి ఇచ్చేవారు. అవన్నీ నేను ఓర్చుకోగలిగాను. ఒక్కటి మాత్రం ఇన్‌చార్జి హోదాలో వరండాలో నడుస్తూ విన్నాను, అది ఇప్పటికీ లోపల తిరుగుతుంది. క్లాసులో ఆయన చక్రవర్తి పుట్టాడు, గెలిచాడు, ఓడాడు, ద్వీపంలో చచ్చాడు అని చెబుతున్నారు. రెండు పీరియడ్లలో అధ్యాయం అయిపోయింది. జనరల్ రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు.

ఆయన రిటైరైన రోజు సభకి అధ్యక్షుణ్ణి నేనే. శాలువా నేనే కప్పాను. మాట్లాడినవాళ్ళలో ముగ్గురు పండ్ల ప్రస్తావన తెచ్చారు, ప్రేమగానే. చివర్లో విద్యార్థులు రంగుకాగితం చుట్టిన బుట్ట తెచ్చి ఇచ్చారు. విప్పితే తునికిపండ్లు. హాలంతా చప్పట్లు. సారు ఒక పండు తీసి నోట్లో వేసుకుని, తీయగున్నయి అన్నారు. తరువాత మైకు నాది. ఆ సభలో నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కాబట్టి నేను వందన సమర్పణ చేశాను.

భోజనాల దగ్గర చేతులు కడుక్కుంటుంటే వంటాయన తువ్వాలు ఇచ్చాడు.

"ఆనాడు నాకు రెండు పండ్లిచ్చిండ్రు గద సార్. ఇయ్యాల బుట్ట చూస్తే అవి యాదికొచ్చినయి."

"మరి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదేంది?"

"నన్నెవలడిగిండ్రు సార్? పప్పుల ఉప్పు సరిపోయిందా అని తప్ప ఈ కాలేజీల నన్ను ఇంకేమన్న అడిగిండ్రా?"

అడిగే వరస ఎలాగూ మొదలైంది కాబట్టి, ఇంకేమైనా తెలుసా అన్నాను. తెలుసట. ఊరు కాలిన వారంలోనే సారుని ఆ ఊరికి మోపెడ్ మీద తీసుకుపోయింది ఆయనే. కట్లున్న చేతుల్లో కోడి నిలవదని తానే పట్టుకున్నాడట. ఊరి ముందు సారు విన్నాను, రాలేదు అని ఒప్పుకున్నారట. ఎవరన్నా ఆపారా అని ఊరివాళ్ళు అడిగితే, నా కాళ్ళను ఎవరూ కట్టేయలేదు అన్నారట. చేతికట్టుతోనే డోలు మీద దెబ్బ వేశారట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. పట్టింది. కానీ తరువాతి ఆదివారం నేను ఆ ఊరికి వెళ్ళాను. భద్రాచలంలో చికెన్ సెంటర్ దగ్గర ఆగి కోడిని కూడా తీసుకున్నాను. కామర్స్ వాడిని, ఖాళీ చేతులతో వెళ్ళను.

డోలు ఇంటావిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మా ఇంటి మీదున్నోడివి గద?" అంది.

విషయం చెప్పాను. ఆమె పూర్తిగా వినలేదు, కోడినే చూస్తోంది. తెల్లటి బాయిలర్ కోడి. కింద పెట్టు అంది. పెట్టాను. అది ఎక్కడ పెట్టానో అక్కడే కూలబడింది. ఆమె కాలితో మెల్లగా కదిపింది. అది కళ్ళు మూసుకుంది.

"ఇది నడుస్తదా?"

నడవలేదు.

"ఊరి ముందు నిలబడని కోడి తప్పుకు పనికి రాదు. కూరకు పనికొస్తది, ఇచ్చి పో. ఇంటి మీద తిరిగే కోడిని పట్టుకొని రా. ఉత్తగ విన్నోడివైతే ఒక్కనివి రావచ్చు. నువ్వు ఆపినోడివి. ఆగినోడు గూడ పక్కనుండాలె. నువ్వు చెప్పింది అవునో కాదో ఆయన చెప్తడు."

అంటే ఆయన ముఖం చూడక తప్పదు. ఊరివాళ్ళ దగ్గర పని ముగించుకుని వచ్చేయొచ్చని నేను వేసుకున్న లెక్క ఆ కోడిలాగే కూలబడింది.

ఖానాపురం హవేలిలో ఆయన ఇల్లు షేర్ ఆటోలు ఆగేచోటికి దగ్గరే. వరండాలో కూర్చుని మనవరాలి స్కూలు బూట్లకి పాలిష్ చేస్తున్నారు. నేను అంతా చెప్పాను. రోడ్డు దగ్గర డోలు విన్నది, వంటాయన వచ్చింది, దొప్ప. దొప్ప సంగతి తప్ప మిగతాదంతా ఆయనకి తెలుసు. పండ్లు నేను ఆయన పాఠంలోంచి ఎత్తుకొచ్చాననే ఇన్నాళ్ళూ అనుకున్నారట.

"అంటే నిజంగనే తిన్నవా?" అన్నారు బ్రష్ ఆపి. "నేను పుస్తకంల పండు అనుకున్న."

ఆనాడు ప్రిన్సిపాల్‌గారి గదిలో ఎందుకు ఎదురు చెప్పలేదని అడిగాను. జనరల్ తప్పు లేదని అన్నేళ్ళు మా బాక్సుల మీద యుద్ధం చేసిన మనిషి, తన తప్పు లేదని ఒక్క మాట అనొచ్చు కదా.

"ఆయన ముసలోడయ్యేదాక గదే రాసుకున్నడు. నాకు చెప్పలే, చీటీ రాలే అని. ఆర్డరు తప్పు చక్రవర్తిదే, కాదన. గాని మోత విన్న చెవులు ఆయనయే గద. నేను గూడ గంతే. నా చెవులతోని విని, పొమ్మంటవా అని నిన్ను అడగనంపిన. నాకు గదే సిగ్గయింది. నీ అబద్ధం తర్వాత ముచ్చట."

ఊరికి వస్తారా అని అడిగాను.

"వస్త. గాని ఊళ్ళ నా పేరు బాగనే ఉన్నది. పాడైంది ఖమ్మంల." బూటు ఎత్తి మెరుపు చూసుకున్నారు. "రాయి. దొప్ప సంగతి గూడ రాయి. చక్రవర్తి రాయలే."

వంటాయన తన ఇంటి ముందు తిరిగే పుంజుని కాళ్ళు కట్టి ఇచ్చాడు. ఇది నిలబడ్తది సార్ అని హామీ కూడా ఇచ్చాడు. బస్సులో కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు. జనరల్ సారు కిటికీ పక్కన కూర్చుని, జనరల్‌ని ఐర్లండు తీరంలో దిగనివ్వని తుఫాను గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళ తరువాత. టీ లేకుండా పూర్తిగా విన్నాను. పుంజు కూడా విన్నది.

ఊళ్ళో ఓ పాతికమంది చేరారు. డోలు కొత్త ఇంటి వసారాలోంచి తెచ్చి పెట్టారు. కాళ్ళ కట్టు విప్పగానే పుంజు వంటాయన మాట నిలబెట్టి, మెడ ఎత్తి నిలబడింది. దాన్ని చేతుల్లోకి తీసుకుని నేను చెప్పాను. విన్నాను. రాలేదు. వచ్చేవాళ్ళని రానివ్వలేదు. పక్కనున్న సారు వైపు ఆమె చూసింది. అవ్ అన్నారాయన.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది ఆమె.

ఉంది. పట్నంలో ఒక మనిషి కుర్చీనీ పాఠాన్నీ పేరునీ మింగేసిన మాట అది.

"తునికిపండ్లు తిన్నది ఈయన కాదు. నేను."

అందరూ ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నారు. ఆమె సారు వైపు తిరిగి, ఈయనకేమైంది అన్నట్టు చూసింది.

"తింటే?" అంది నాతో. "ఎండకాలం పండ్లు దొరికితే తినరా? గది గూడ ఒక తప్పేనా?"

వెనక నుంచి ఎవరో, ఒక్కడే తిన్నడేమో, అందుకే ఏడుస్తుండు అన్నారు. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ సారు నవ్వారు. కళ్ళు తుడుచుకుని, పుంజుని నా చేతిలోంచి తీసుకుని, ఆమె అందించిన కర్ర నాకు ఇచ్చారు. కొట్టాను. చప్పుడు నా కాళ్ళ దగ్గరే పడిపోయింది.

"గట్టిగ కొట్టు," అన్నారు. "ఖమ్మం దాక వినబడాలె."